పరపాత్రధారణము - స్వభాషాగౌరవము

ఒకరి జీవితమును మఱియొకరు నటించి చూపునపుడు, ఆ నటించువారు ఆ జాతివారే, ఆ భాషవారే కావలెనా? ఈ ప్రశ్న నేడు దేశదేశముల వినవచ్చుచున్నది.

2021వ సంవత్సరమున అమెరికాలో ‘బీయింగ్ ది రికార్డోస్’ అను చలనచిత్రము వెలువడెను. 1951 మొదలు 1957 వఱకు ‘ఐ లవ్ లూసీ’ అను టెలివిజను హాస్యనాటికలో నటించిన లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ దంపతుల కథ యది. డెసీ క్యూబాదేశమున బుట్టినవాడు. ఆ పాత్రను స్పెయినుదేశీయుడగు హావియర్ బార్డెమ్ ధరించెను. భాష యొక్కటియైనంతమాత్రమున జాతి యొక్కటి యగునా యని కొంద ఱాక్షేపించిరి. ఆ యాక్షేపణమునకు మూలము లేకపోలేదు. తెల్లజాతి యిల్లాలికి క్యూబా పెనిమిటి యనిన జనులు మెత్తురా యని ఆనాడు ప్రసారసంస్థవారు సంశయించిరి. లూసిల్ పట్టు విడువక, 1950లో భర్తతోగూడి ఊరూర ప్రదర్శనము లిచ్చి, జనుల మెప్పును జూపి, వారిని ఒప్పించెను. అంత శ్రమకు దక్కిన స్థానము గనుకనే, ఆ పాత్ర క్యూబా సంతతివారికే చెందవలెనని యాక్షేపకుల వాదము.

మన తెలుగునాటను ఇట్టి విషయమే కలదు. 2018లో వెలువడిన ‘మహానటి’ సావిత్రి జీవితకథ. ఆమె గుంటూరు జిల్లా చిఱ్ఱావూరి ఆడపడుచు. ఆ పాత్రను ధరించిన కీర్తి సురేశ్ తండ్రి మలయాళీయుడు, తల్లి తమిళురాలు. ఐనను ఆమె తెలుగు సంభాషణములను తన కంఠముతోనే పలికి, ఉత్తమనటిగా జాతీయపురస్కారము నందెను. తెలుగుబిడ్డ లేకపోయినదా యని యడుగువారు సావిత్రినే తలచుకొనవలెను. 1961లో వచ్చిన ‘పాశమలర్’ చిత్రమున ఆ తెలుగుబిడ్డ తమిళుల యింటి చెల్లెలై వారిచే కన్నీరు పెట్టించెను. ఆమెకు చెల్లిన న్యాయము ఇతరులకు చెల్లదనుట తగదు.

కావున పుట్టుకయే గీటురాయి గాదు. మఱి యేది? మా భిక్నూరు ప్రాంతమువారికి ఇది వట్టి వినోదపు ప్రశ్న గాదు. చిరకాలము తెలుగుతెరపై తెలంగాణపు పలుకు హాస్యగాని నోటనో, దుష్టుని నోటనో వినబడెనేగాని, నాయికానాయకుల నోట వినబడుట అరుదు. తల్లి నేర్పిన మాట పదిమందికి నవ్వులాట యని యెఱిగిన బాలిక, బడిలో సమాధానము తెలిసియు నోరు విప్పదు. ఉపాధ్యాయుని యిల్లాలిని గనుక ఇట్టి బాలికలను చూచుచునే యున్నాను.

2017లో ‘ఫిదా’ వచ్చెను. మా కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడయే అందలి నాయిక భానుమతి ఊరు. ఆ పాత్ర ధరించిన సాయిపల్లవి నీలగిరులలోని బడగకుటుంబపు బిడ్డ; మా పలుకును నేర్చి తానే పలికెను. ఆమె నవ్వించినది చమత్కారముచేగాని యాసచే గాదు. 2023లో ‘బలగం’ వెలువడెను. దర్శకుడు యెల్దండి వేణు టెలివిజను హాస్యనటుడుగా పేరొందినవాడు. మరణము సంభవించిన పల్లెయింటిలో, పిండము ముట్టని కాకికై ఎదురుచూచు బంధువుల కథను ఆయన మా మాటలలోనే చెప్పెను. ఊళ్లలో తెరగట్టి ప్రదర్శింపగా జనులు కూడి కన్నీరు పెట్టుకొనిరి. నవ్వుటకే తగుననుకొన్న పలుకు పుట్టెడు దుఃఖమును సైతము మోయగలదని నాడు అందఱు నెఱిగిరి.

ఒకటి పరాయిబిడ్డ శ్రద్ధతో నేర్చిన పలుకు. మఱియొకటి ఇంటిబిడ్డ సొంత పలుకు. రెండును మనకు కావలెను. పరాయివారిని ఆదరించుట మర్యాద. మనవారికి తలుపు మూయకుండుట న్యాయము. ఏ పాత్రకైనను గౌరవము దక్కినదా లేదా యనునదియే గీటురాయి.

సోదరీమణులారా! ఇంట పిల్లలకు గ్రంథభాష తప్పక నేర్పుడు. కాని వారి యింటిపలుకును తప్పని దిద్దకుడు. నేను పద్యము చదువునపుడు ఒకతీరున, అత్తమ్మతో ముచ్చటించునపుడు ఒకతీరున పలుకుదును. రెండును వాణి రూపములే. ఇది పోతన పుట్టిన తెలంగాణము; ఈ నేల పలుకునకు సిగ్గుపడ పనిలేదు. ఇకమీదట సినిమా చూచి పిల్లలు నవ్వినపుడు, ‘నవ్వు మాటలోని చమత్కారమునకా, మాటాడినవారి యాసకా?’ యని మెల్లగా నడుగుడు. ఆ ప్రశ్న వారికి చిన్ననాటనే అలవడవలెను.