ఆ పిల్లని అడిగారా?

ఆడపిల్ల బడి మానేసిందనుకోండి. మనం ఎవర్ని అడుగుతాం? తండ్రిని అడుగుతాం, "ఏమయ్యా, పిల్లని ఎందుకు మాన్పించావ్?" అని. తల్లిని నాలుగు మాటలంటాం. టీచర్‌ని అడుగుతాం. మరీ కోపమొస్తే ప్రభుత్వాన్ని తిడతాం. అందర్నీ అడుగుతాం గానీ, తలుపు పక్కన నిలబడి అన్నీ వింటున్న ఆ పిల్లని మాత్రం అడగం. తనకేం తెలుస్తుందిలే అనుకుంటాం.

ఆఫ్రికాలో కొందరు ఆడవాళ్ళు ఆ పిల్లనే అడిగారు. అడిగి, తను చెప్పేదాకా ఆగి, చెప్పింది విన్నారు. ఆడపిల్లల చదువు కోసం ప్రపంచంలో జరుగుతున్న పనుల్లో నాకు చాలా పెద్దదనిపించేది ఇదే. దీనికి ఖర్చు తక్కువ, ధైర్యం ఎక్కువ కావాలి.

అయిదుగురు మంత్రులు

1992లో అయిదు ఆఫ్రికా దేశాల్లో విద్యాశాఖ బాధ్యతలు చూస్తున్న అయిదుగురు మహిళా మంత్రులు కలిసి ఒక సంస్థకి పునాది వేశారు. జింబాబ్వే నుంచి ఫే చుంగ్, ఘనా నుంచి విడా యెబోవా, సీషెల్స్ నుంచి సిమోన్ ద కొమార్మో, బుర్కినా ఫాసో నుంచి అలీస్ తియెంద్రెబెయోగో, గాబన్ నుంచి పోలెట్ మిసాంబో. సంస్థ పేరు 'ఫోరం ఫర్ ఆఫ్రికన్ విమెన్ ఎడ్యుకేషనలిస్ట్స్'. పొట్టిగా ఫావే అంటారు. ప్రధాన కార్యాలయం కెన్యా రాజధాని నైరోబీలో ఉంది. ఇవాళ ముప్పైకి పైగా దేశాల్లో శాఖలున్నాయి.

మంత్రులే కదా, ఒక్క సంతకం పెడితే పనైపోదా, మళ్ళీ సంఘం ఎందుకు అనిపిస్తుంది. సంతకంతో అయ్యే పని కాదని వాళ్ళకి తెలుసు. 1980ల్లో చాలా ఆఫ్రికా దేశాలు అప్పుల్లో కూరుకుపోయాయి. అప్పిచ్చినవాళ్ళు ఖర్చులు తగ్గించుకోమన్నారు. దాంతో చాలాచోట్ల బడి ఫీజుల భారం తల్లిదండ్రుల మీద పడింది. ఇంట్లో ఒకరికే ఫీజు కట్టే స్తోమత ఉంటే ఎవరికి కడతారు? కొడుక్కే. అమ్మాయి నీళ్ళు మోయాలి, చంటిపిల్లల్ని ఎత్తుకోవాలి, వంటకి సాయం చెయ్యాలి.

తర్వాత ఫీజులు పోయాయి. 1997లో ఉగాండా, 2003లో కెన్యా ప్రాథమిక విద్యకి ఫీజులు ఎత్తేశాయి. పిల్లలు బడులకి వెల్లువలా వచ్చారు. ఆడపిల్లలూ వచ్చారు. అయితే రావడం వేరు, నిలవడం వేరు. పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి చాలామంది ఎందుకు జారిపోతున్నారు? లెక్కల పుస్తకాల్లో ఎంతమంది మానేశారో ఉంటుంది. ఎందుకు మానేశారో చెప్పగలిగింది ఆ పిల్లలే.

"మాట్లాడదాం"

1996లో టాంజానియాలో ఒక ప్రయోగం మొదలైంది. దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయంలో నాటకరంగం బోధించేవాళ్ళూ, ఫావే కలిసి దీన్ని తలపెట్టారు. ఇందులో ముఖ్యురాలు ప్రొఫెసర్ పెనీనా మ్లామా. స్వాహిలీలో నాటకాలు రాసే రచయిత్రి. తర్వాత ఫావేకి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా కూడా పనిచేశారు.

ప్రయోగం పేరు 'తుసేమే'. స్వాహిలీ మాట. మాట్లాడదాం, గట్టిగా చెబుదాం అని అర్థం.

హైస్కూలు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి, మీ చదువుకి ఏది అడ్డమొస్తోందో మీరే చెప్పండి అన్నారు. ఒక్కొక్కటీ బయటికొచ్చింది. ఇంటి చాకిరీ వల్ల చదువుకోడానికి టైమే ఉండదు. క్లాసులో నోరు విప్పాలంటే సిగ్గు. మగపిల్లల వెకిలి వేషాలు. అన్నిటికన్నా నోటికి రాని విషయం, కొందరు మాస్టర్ల దుర్బుద్ధి.

ఇవన్నీ నేరుగా చెప్పమంటే ఏ పదిహేనేళ్ళ పిల్ల చెబుతుంది? రేపు మార్కులు వెయ్యాల్సింది ఆ మాస్టరే! అందుకే నాటకం కట్టమన్నారు. నాటకంలో చెప్పేది పాత్ర కదా, పిల్ల కాదు. ఆ ఒక్క తెర చాలు, గొంతు పెగలడానికి. నాటకం చూడ్డానికి హెడ్‌మాస్టర్లూ టీచర్లూ తోటి పిల్లలూ కూర్చుంటారు. అయ్యాక చర్చ ఉంటుంది. చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళిపోవడంతో సరిపోదు. దీనికి ఏం చేద్దాం, ఎవరు చేస్తారు అని తేల్చుకోవాలి. బడిలో తుసేమే క్లబ్బు ఉంటుంది. అనుకున్నది జరిగిందో లేదో అదే చూసుకుంటుంది. టాంజానియాలో మొదలైన ఈ పద్ధతి తర్వాత ఎన్నో దేశాల బడులకి పాకింది. మగపిల్లల్ని కూడా ఇందులో కలుపుకున్నారు. అది మంచి పని. సగం సమస్య వాళ్ళ దగ్గరే ఉన్నప్పుడు వాళ్ళు లేకుండా మాట్లాడుకుని ఏం లాభం?

టీచర్ల కోసం కూడా ఫావే ఒక శిక్షణ తయారుచేసింది. ప్రశ్న అడిగినప్పుడు ఎవరి వైపు చూస్తున్నారు, ఆడపిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారు, పాఠ్యపుస్తకంలో డాక్టర్ ఎవరు, అంట్లు తోమేది ఎవరు... ఇలాంటివి గమనించుకోమంటుంది. చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. ఏడాదికేడాది అవే చూస్తూ పెరిగిన పిల్లని అడగండి, చిన్నవో పెద్దవో చెబుతుంది.

ముల్లూ, అరిటాకూ

ఇక అసలు చిక్కు ప్రశ్న. చదువుకునే పిల్ల గర్భవతి అయితే?

చాలా దేశాల్లో జవాబు ఒక్కటే ఉండేది, బడి నుంచి గెంటెయ్యడం. ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే అని మనకో సామెత ఉంది. ఈ సామెత చెప్పి నిట్టూర్చి ఊరుకోవడం మనకి అలవాటైపోయింది. కానీ ఇక్కడ ఆకుని చింపింది ముల్లు ఒక్కటే కాదు. బడి రూలు కూడా చింపింది. రూలు మనుషులు రాసిందే, మనుషులే మార్చొచ్చు.

1997లో జాంబియా మార్చింది. కాన్పయ్యాక ఆ పిల్ల తిరిగి బడికి రావచ్చంది. ఇందుకోసం పోరాడినవాళ్ళలో ఫావే జాంబియా శాఖ ముందుంది.

అన్నిచోట్లా అలా జరగలేదు. తుసేమే పుట్టిన టాంజానియాలోనే 2017లో అప్పటి అధ్యక్షుడు జాన్ మగుఫులి బహిరంగ సభలో, బిడ్డని కన్న పిల్ల మళ్ళీ బడి మొహం చూడక్కర్లేదన్నారు. 2021లో ఆయన పోయాక సమియా సులుహు హసన్ అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడాది నవంబర్‌లో ప్రభుత్వం ఆ ఆంక్ష తీసేసింది. మధ్యలో గడిచిన నాలుగేళ్ళు మనకి నాలుగేళ్ళే. పదో తరగతి వయసు పిల్లకి అది జీవితం.

సియెర్రా లియోన్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. అక్కడ ఫావే శాఖని 1995లో క్రిస్టియానా థార్ప్ అనే మాజీ విద్యామంత్రి మొదలుపెట్టారు. అంతర్యుద్ధం రోజులవి. ఊళ్ళు వదిలి పారిపోయి వచ్చిన ఆడపిల్లలకి బడి పెట్టారు. అత్యాచారాలకి గురైన పిల్లల్ని దగ్గరికి తీసుకున్నారు, వైద్యం చేయించారు, చదువో పనో నేర్పించారు. చంకలో బిడ్డ ఉంది కాబట్టి నీకు చదువు లేదు అనలేదు. అలాంటి దేశంలోనే, ఎబోలా వల్ల మూతపడ్డ బడులు 2015లో తెరిచినప్పుడు, కడుపుతో ఉన్నట్టు కనబడే పిల్లలు రాకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది! సంస్థలు కోర్టుకెక్కాయి. 2019 డిసెంబర్‌లో పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం ఇది వివక్షేనని తీర్పిచ్చింది. 2020 మార్చిలో ఆంక్ష పోయింది.

"అలాంటి పిల్లని రానిస్తే మిగతావాళ్ళు పాడైపోరా?" అనే వాదన అక్కడా ఉంది. పైకి అనకపోయినా మనలోనూ చాలామంది మనసులో ఉండే మాటే ఇది. నేనొకటి అడుగుతాను. తరగతిలో ఆ పిల్ల ఖాళీ బెంచీ చూసి మిగతా పిల్లలు ఏం నేర్చుకుంటారు? నీతి నేర్చుకుంటారా? నాకలా అనిపించదు. మనకేదైనా జరిగితే ఎవరికీ చెప్పకూడదు, చెబితే మన బెంచీ కూడా పోతుంది అని నేర్చుకుంటారు. తప్పు చేసిన మగాడికి అంతకన్నా కావలసిందేముంది?

అందుకే ఈ రెండు పనుల్నీ నేను వేరువేరుగా చూడలేను. బడికి తిరిగి రానిచ్చే రూలు లేకపోతే తుసేమే నాటకంలో ఏ పిల్లా నిజం చెప్పదు. నోరు విప్పే పిల్లలు లేకపోతే ఆ రూలు కాగితం మీదే ఉంటుంది. స్కాలర్‌షిప్పులు ఇవ్వాలి, మరుగుదొడ్లు కట్టాలి, ఫావే అవీ చూస్తోంది. కాకపోతే అవి పెద్దవాళ్ళు పిల్లలకి ఇచ్చేవి. మాట పిల్లలే ఇవ్వాలి. మనం చెయ్యాల్సింది చెవి ఒగ్గడం.

మంత్రి కుర్చీలో కూర్చున్న ఆడవాళ్ళు ఒక స్కూలు పిల్ల చెప్పేది వినాలనుకున్నారు. మనకి కుర్చీలు లేకపోవచ్చు. వంటింట్లో పీటలున్నాయి కదా! మనమ్మాయి ఈమధ్య బడికి వెళ్ళనని గునుస్తోందనుకోండి. "బద్ధకం" అని కసురుకునే ముందు ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని "ఏమైందమ్మా?" అని అడిగి చూద్దాం. వెంటనే చెప్పకపోవచ్చు. మర్నాడు మళ్ళీ అడుగుదాం.