ఇంటి కంప్యూటర్‌కు తెగులు: వైరస్ కన్నా తొందరపాటే చేటు

తెనాలి, (గ్రామీణ విలేకరి): పిల్లల చదువుల కోసమో, ఇంటి లెక్కల కోసమో ఈ ప్రాంత గ్రామాల్లో చాలా ఇళ్లకు కంప్యూటర్లు వచ్చాయి. వాటి వెంటే వైరస్ బెడదా వచ్చింది. అయితే వైరస్ వల్ల జరిగే నష్టం కంటే, దాన్ని వదిలించుకునే తొందరలో జరిగే నష్టమే పెద్దదిగా ఉంటోంది.

ఇటీవల ఒక గ్రామంలో జరిగిన ఉదంతమే ఇందుకు తార్కాణం. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న ఒక యువతి, దరఖాస్తు అచ్చు తీయించుకునేందుకు పెన్‌డ్రైవ్‌ను జిరాక్స్ షాపుకు తీసుకువెళ్లింది. ఇంటికి వచ్చి కంప్యూటర్‌కు పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ మాయమై, అవే పేర్లతో బాణం గుర్తున్న షార్ట్‌కట్లు కనిపించాయి. కంగారుపడిన తండ్రి మరునాడే కంప్యూటర్‌ను మోటారు సైకిల్‌పై పట్నంలోని మెకానిక్ వద్దకు చేర్చాడు. "వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడాయన. వీరు సరేనన్నారు. సాయంత్రానికి కంప్యూటర్ కొత్తదానిలా పనిచేసింది. కాని మూడేళ్లుగా ఆ అమ్మాయి రాసుకున్న నోట్సు, కాలం చేసిన నాయనమ్మ ఫొటోలు అందులో లేవు.

ఈ విలేకరి ఆ మెకానిక్‌ను కలిసి అడగగా, "తీసి ఉంచమంటే ఉంచేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఆయన మాటా అబద్ధం కాదు. అడగాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

దాగినవే, పోయినవి కావు

విచారకరమైన సంగతేమిటంటే, ఆ ఫైళ్లు వైరస్ వల్ల పోలేదు. షార్ట్‌కట్ వైరస్ అని అందరూ పిలిచే ఈ తెగులు పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫోల్డర్లను చెరపదు, కనబడకుండా దాచిపెడుతుంది. వాటి స్థానంలో నకిలీ గుర్తులు పెడుతుంది. వాటిని నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, చాటున వైరస్ కూడా కంప్యూటర్‌లోకి దిగుతుంది. ఆ తర్వాత ఆ కంప్యూటర్‌కు ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా అదే తంతు.

ముందు వైరస్‌ను తొలగించి, ఆపై 'ఆట్రిబ్' అనే ఒక్క వరుస ఆదేశం ఇస్తే దాగిన ఫోల్డర్లు మళ్లీ కనబడతాయి. కంప్యూటర్ తెలిసినవారికి ఇది కొద్ది నిమిషాల పని. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేస్తే మాత్రం సి డ్రైవ్‌లో ఉన్నవి తుడిచిపెట్టుకుపోతాయి. మన ఇళ్లలో చాలామంది ఫైళ్లను దాచుకునే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ సాధారణంగా ఉండేది ఆ సి డ్రైవ్‌లోనే.

నిజంగా తాళం వేసేది వేరు

అన్ని వైరస్‌లూ ఇంత తేలికైనవి కావు. రాన్సమ్‌వేర్ అనేది ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడుగుతుంది. 2017 మే 12న వ్యాపించిన వాన్నాక్రై ఈ కోవలోదే. సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లను పట్టి, ఒక్కొక్కదానికి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ అడిగింది. మన రాష్ట్రంలోనూ కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. అది చొరబడిన కంతను పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకున్నవారు బయటపడ్డారు, వాయిదా వేసినవారు చిక్కారు.

అందుకే అప్‌డేట్ అడిగితే రేపు చూద్దామనుకోవడం మంచిది కాదు. విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయన్న సంగతి కూడా గమనించాలి. ఇక దొంగ విండోస్, తాళం విరిచిన సాఫ్ట్‌వేర్ వేయించుకోవడమంటే దొంగకు తలుపు తీసిపెట్టడమే.

అనుమానం వస్తే ఏమి చేయాలి?

మొదట నెట్ ఆపాలి. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పని చేయరాదు. పాస్‌వర్డ్‌లను వేరే మంచి ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో మార్చుకోవాలి. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే రక్షణ ఉచితంగానే ఉంది. దానిలో ఫుల్ స్కాన్ చేయాలి. వదలకపోతే ఆఫ్‌లైన్ స్కాన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో కూడా శుభ్రపరిచే ఉచిత సాధనాలు దొరుకుతాయి.

వీటికీ లొంగకపోతే ఫార్మాట్ తప్పదు. అప్పుడైనా ఫొటోలు, కాగితాలు వేరే డిస్క్‌లోకి తీయించి, దాన్ని స్కాన్ చేయించిన తర్వాతే ఒప్పుకోవాలి. రాన్సమ్‌వేర్ పట్టినప్పుడు డబ్బు కట్టినా తాళం తీస్తారన్న పూచీ లేదు. కొన్ని రకాలకు 'నో మోర్ రాన్సమ్' వెబ్‌సైట్‌లో ఉచితంగా విరుగుడు ఉంది.

మరో మోసం కూడా ఉంది. తెర నిండా ఎర్రని హెచ్చరిక వచ్చి, వైరస్ ఉందని, ఫలానా నంబరుకు ఫోన్ చేయమని కేకలు పెడుతుంది. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. కనుక ఫోన్ చేయకుండా ఆ పేజీ మూసివేయాలి. అది మూతపడకపోతే కంప్యూటర్ కట్టివేయాలి. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.

విత్తనాల నీతి

పండిన గింజలన్నీ ఒకే గాదెలో పోయడు రైతు. విత్తనాలు వేరే మూట కట్టి ఉంచుకుంటాడు. ఫైళ్లకూ అదే నీతి. నెలకొకసారి ముఖ్యమైనవి ఒక డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టాలి. తగిలించి వదిలేస్తే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

కంప్యూటర్లున్న ఉన్నత పాఠశాలల్లో నెలకొక సాయంత్రం ఈ విషయాలను గ్రామస్థులకు చూపించే ఏర్పాటు చేస్తే ఎంతో మేలు. ఖర్చు లేని ఈ పనికి విద్యాశాఖ అధికారులు, పంచాయతీ పెద్దలు పూనుకోవాలి. ఆ అమ్మాయి ఇప్పుడు నోట్సు మొదటి పేజీ నుంచి మళ్లీ రాసుకుంటోంది. ఈసారి రెండు చోట్ల దాచుకుంటోంది.