తొలి మజిలీ ముంగిట్లోనే

కొత్త బండి కొంటే కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. పాత బండి కొంటే ముందు దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తాం. ఆ ప్రదక్షిణలో భక్తి కన్నా అనుమానం పాలే ఎక్కువ. టెక్సస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగు కుర్రాడు ఈమధ్య పాత క్యాంపర్ కొన్నాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లది. లోపల రెండు మంచాలు, చారెడు వంటిల్లు, నిలువుపెట్టె లాంటి స్నానాలగది. ‘ఎన్ని మైళ్లు తిరిగిందో చెప్పే మీటరు దీనికి ఉండదు నాన్నా, అదొక్కటే చిక్కు’ అన్నాడు, ఊరి నుంచి వచ్చిన తండ్రితో. గోదావరి జిల్లాలో వ్యవసాయం చేసిన పెద్దాయన చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, ‘తిరిగిన లెక్కకేం గానీ, ఎన్నాళ్లు కదలకుండా పడి ఉందో అడిగావట్రా?’ అన్నాడు.

అడగవలసింది అదే. లోకంలో నడిచి అరిగేవి కొన్ని, నిలబడి పాడయ్యేవి కొన్ని. క్యాంపర్ రెండో జాతిది. కొవిడ్ రోజుల్లో విమానాలూ హోటళ్లూ అంటే భయం పుట్టి, అమెరికాలో జనం ఈ చక్రాల ఇళ్ల మీద పడ్డారు. 2021లో అక్కడి తయారీదారులు 6 లక్షలకు పైగా బళ్లను డీలర్లకు పంపి రికార్డు సృష్టించారు. సరదా తీరాక వాటిలో కొన్ని పెరట్లోనో షెడ్డులోనో ఉండిపోయాయి. అలాంటి బండిని కొనేవాడు పరీక్షించవలసింది అది చేసిన ప్రయాణాలను కాదు, చెయ్యని ప్రయాణాలను.

టైరుతో మొదలుపెడదాం. గ్రిప్పు నిన్ననే షాపులోంచి తెచ్చినట్టు నిగనిగలాడుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు రోడ్డెక్కే బండికి అది అరిగేదెక్కడ? గుట్టంతా టైరు పక్కన, ‘డాట్’ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఉంటుంది. ఆఖరి నాలుగంకెలు 2317 అయితే 2017లో 23వ వారంలో పుట్టిన టైరన్నమాట. పుట్టిననాటి నుంచీ ఎండకు ఎండుతూ, ఒకేచోట బరువు మోస్తూ రబ్బరు పెళుసెక్కుతుంది. అందుకే గ్రిప్పు ఎంత బాగున్నా ఐదారేళ్లు దాటితే మార్చేయమంటారు అనుభవజ్ఞులు. పెద్దాయన టైరు పక్కన గోటితో గీసి చూశాడు. సన్నని పగుళ్లు, వేసవిలో చెరువు నేల నెర్రెలిచ్చినట్టు. కొడుకు మారుమాట్లాడకుండా నాలుగు టైర్ల ధర ఎంతో చూడటం మొదలుపెట్టాడు.

టైరు తర్వాత కప్పు. క్యాంపర్‌కు అసలు శత్రువు నీరు. కప్పు మీద గాలిగొట్టం చుట్టూ, కిటికీ అంచున పూసిన మైనంలాంటి లప్పం ఎండి చిట్లితే, వాన చుక్క చడీచప్పుడు లేకుండా గోడలోకి దిగుతుంది. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క నానుతుంటుంది. కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. మూలల్లో, కిటికీల కింద, మంచం వెనక బొటనవేలితో నొక్కాలి. గట్టిగా ఎదురొత్తితే సరి, మెత్తగా లోపలికి పోతే బేరం అక్కడితో ఆపాలి. తలుపు తీయగానే ముక్కవాసన వచ్చినా అంతే. పెంకుటిళ్లలో పెరిగినవారికి ఇది ఒకరు చెప్పవలసిన విద్య కాదు. తొలకరికి ముందు నిచ్చెన వేసి పెంకులు సర్దించడం, ఇక్కడ ఏటా కప్పెక్కి ఆ లప్పం చూసుకోవడం ఒకలాంటి పనులే.

నిలిచిన ఇంట్లో నీళ్లూ నిలిచే ఉంటాయి. శీతాకాలానికి ముందు గొట్టాలు ఖాళీ చేయకపోతే, నీరు గడ్డకట్టి, ఉబ్బి, వాటిని చీలుస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు ముంచెత్తినప్పుడు నిక్షేపంలాంటి ఇళ్లలోనే గొట్టాలు పగిలాయి, ఇక క్యాంపర్ ఎంత? తాగునీటి ట్యాంకును 15 గ్యాలన్లకు పావు కప్పు చొప్పున బ్లీచ్ కలిపి నింపి, కొన్ని గంటలు ఉంచి, వాసన పోయేదాకా కడగాలి. గ్యాసు పొయ్యి దగ్గర మాత్రం తొందర కూడదు. మన వంటింట్లో మెకానిక్ చేసినట్టే అతుకుల మీద సబ్బు నురగ రాసి, బుడగలు లేస్తాయేమో చూడాలి. విషవాయువును పసిగట్టే అలారానికీ ఆయుష్షు ఉంటుంది. గడువు దాటితే, మీట నొక్కి చూసినప్పుడు మోగినా నమ్మకుండా కొత్తది పెట్టుకోవడమే క్షేమం.

ఇక చక్రాల లోపలి బేరింగులు. ఏడాదికోసారి గానీ 12 వేల మైళ్లకోసారి గానీ, ఏది ముందైతే అప్పుడు, గ్రీజు మార్చాలన్నది వాడుక. తిరగకపోయినా ఏడాదికోసారా అని కొడుకు ఆశ్చర్యపోయాడు. తండ్రికి అది వింతగా తోచలేదు. పంట కోతకొచ్చేదాకా పాకలో పడి ఉన్న ఎడ్లబండికి, ఇరుసు చూసి కందెన పెట్టనిదే కాడి ఎత్తేవాళ్లు కాదు. సామాను సర్దే పాఠమూ ఆయనే చెప్పాడు. ‘ముందు బరువైతే ఎద్దుల మెడ మీద పడుద్ది, వెనక బరువైతే నొగలు పైకి లేస్తాయి.’ క్యాంపర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారుకు తగిలించే కొక్కెం మీద పడాలని కొడుకు చదివాడు. అంతకు తగ్గితే వేగం పెరిగేకొద్దీ బండి పాము తోకలా ఊగుతుంది. లెక్క ఇంగ్లిషులో ఉంది, అర్థం మాత్రం మన కళ్లాల్లోదే.

ఇలాంటి బండితో అమెరికాను చుట్టినవారిలో రచయిత జాన్ స్టెయిన్‌బెక్ ప్రసిద్ధుడు. 1960లో ట్రక్కు మీద క్యాంపర్ కట్టించుకుని, డాన్ క్విక్సోట్ గుర్రం పేరే దానికి పెట్టి, చార్లీ అనే కుక్కను వెంటబెట్టుకుని సుమారు 10 వేల మైళ్లు తిరిగాడు. ఆ బండి ఇప్పుడు కాలిఫోర్నియాలోని సలీనస్‌లో ప్రదర్శనశాలలో ఉంది. నిలబడి ఉండే హక్కు దానికి ఉంది, తిరగవలసినంతా తిరిగింది కనుక.

తెలిసినవాళ్లు చెప్పే ఆఖరి మాట మరీ సరళమైనది: మొదటి యాత్రకు ఎక్కడికీ వెళ్లొద్దు. ఇంటి ముంగిట్లోనే ఒక రాత్రి అందులో పడుకోండి. టీ కాచుకోండి, స్నానం చేయండి, దీపాలన్నీ వెలిగించండి. ఏది మొరాయించినా నాలుగడుగుల్లో మీ ఇల్లే ఉంటుంది.

తండ్రీకొడుకులు అలాగే చేశారు. అర్ధరాత్రి వాన పట్టుకుంది. రేకు మీద చప్పుడు వింటూ ఇద్దరూ కప్పుకేసి చూస్తూ మేలుకునే ఉన్నారు. పెంకుటింట్లో అయితే ఈపాటికి చెంబులూ గిన్నెలూ వరుసగా పరిచేవాళ్లు. ఇక్కడ చుక్క పడలేదు. తెల్లవారాక కొడుకు తృప్తిగా కప్పంతా తడిమి చూసుకుంటుంటే, ఆరు నెలలకని వచ్చి, కారు నడపడం రాక, నాలుగు నెలలుగా ఆ ఇంటి కిటికీలోంచే అమెరికాను చూస్తున్న తండ్రి, టీ గ్లాసు పక్కన పెట్టి అడిగాడు: ‘బండి సంగతి తేలిందిగా. మనమెప్పుడు కదులుదాం?’