పోయిన పన్ను, నిలుపదగిన పన్ను

"పండ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పండ్లు లేవు" అని మన పెద్దలు చెప్పుచుందురు. కలిమి చేతికి వచ్చునప్పటికి దాని ననుభవించు శక్తి పోవుననుట ఈ సామెత భావము. నేటి దంతవైద్యము దీనిని కొంతవఱకు మార్చినది. శనగలు గలవానికి పండ్లును మరల రాగలవు. ఇది సంతోషింపదగినదే. కాని దీని మేర తెలిసికొనక కొందఱు "పన్ను పోయిన నేమి, క్రొత్తది పెట్టించుకొనవచ్చును" అని తేలికగా పలుకుచున్నారు. ఈ మాట పెద్దల విషయమున సగము నిజము, పిల్లల విషయమున బొత్తిగా పొరపాటు అని మా యభిప్రాయము.

ముందుగా ఈ పద్ధతి యెట్టిదో చెప్పుదుము. పన్ను పోయినచోట దవడ యెముకలో టైటానియమను లోహముతో చేసిన చిన్న మరను బిగింతురు. దీనినే ఇంప్లాంటందురు. ఎముక ఆ లోహమును పరాయి వస్తువుగా త్రోసివేయక దాని నంటి పెరుగును. ఇందులకు సాధారణముగా 3 మొదలు 6 మాసములు పట్టును. పిమ్మట ఆ మరపై పంటి యాకృతిగల తొడుగు నమర్తురు. దీనిని వైద్యులు క్రౌననియు, జనులు క్యాపనియు పిలుతురు. మర పంటి వేరు వంటిది. తొడుగు పైకి కనబడు పన్ను వంటిది.

ఈ సంగతి బయటపడిన తీరు విద్యార్థులు గమనింపదగినది. స్వీడను దేశస్థుడగు బ్రోనెమార్కు అను వైద్యుడు 1952వ సంవత్సరమున, దంతముల కొఱకు గాక, ఎముకలో రక్తము ప్రసరించు విధమును చూచుటకై కుందేటి కాలి యెముకలో టైటానియపు పరికరము నొకదాని నమర్చెను. పని ముగిసి దానిని తీయబోగా అది యెముకతో నేకమై యూడి రాలేదు. మఱియొకరైనచో పరికరము పాడైనదని విసుగుకొని యుందురు. ఊడి రాకుండుటయే విశేషమని ఆయన గ్రహించెను. 1965లో గోస్టా లార్సను అను నాతని క్రింది దవడలో ఇంప్లాంట్లను నాటెను. పుట్టుకతోనే దవడ లోపముగల ఆ మనుష్యుడు 2006లో మరణించువఱకు, అనగా 40 సంవత్సరములకు పైగా, వానితోనే భుజించెను. తోడి వైద్యులు చాలకాలము నమ్మలేదు. 1982లో కెనడా దేశపు టొరాంటో నగరమున జరిగిన సభ తరువాతనే ఈ పద్ధతి లోకమున విరివిగా వ్యాపించెను.

ఇది సొగసు కొఱకైన వ్యయమని యెంచువారితో మే మేకీభవింపము. పన్ను పోయినచోట ఎముక క్రమముగా కరగును. ప్రక్క పండ్లు ఆ సందులోనికి ఒరగును. ఎదుటి దవడలోని పన్ను తాకుడు లేక తన స్థానము దాటి పెరుగును. నములలేనివారు జొన్నరొట్టెను, వేరుసెనగలను, కాయగూరలను విడిచి మెత్తని యన్నముతో పొట్ట నింపుకొందురు. మన యిండ్లలో ఎందఱు అమ్మమ్మలు, నాయనమ్మలు మజ్జిగలో పిసికిన అన్నముతో దినములు గడుపుచున్నారో చూడుడు. "ఈ వయసున నాకు పండ్లెందుకు నాయనా" అని వారనుట కొడుకుల ఖర్చు తగ్గించుటకే గాని కోరిక లేక కాదు. పెండ్లికి బంగారము కొనునప్పుడు వెనుదీయని కుటుంబము తల్లి భోజనము కొఱకు వెనుదీయుట న్యాయము కాదు. ఇంప్లాంటునకు సొమ్ము చాలనిచో కట్టుడుపండ్లు గలవు. ప్రక్క పండ్ల నరుగదీసి వాని యాధారముతో నిలుపు బ్రిడ్జి గలదు. హైదరాబాదు, విజయవాడ, కడపలయందు ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నవి, అచట విచారింపవచ్చును. ఏదియు చేయకుండుటయే తప్పు.

అయినను కొని తెచ్చిన పన్ను పుట్టిన పంటికి సాటి రాదు. సహజమైన పంటివేరునకును ఎముకకును నడుమ సన్నని నారపొర యుండును. అన్నములో చిన్న రాయి తగిలిన తోడనే నమలుట నాపగలుగుటకు ఆ పొర సాయపడును. ఇంప్లాంటునకు ఆ పొర లేదు. దానికి పిప్పి పట్టదు గాని, శుభ్రత లేనిచో చుట్టునున్న చిగురు వాచి, ఎముక కరగి, మర వదులగును. పొగ త్రాగువారికిని, మధుమేహమును అదుపున నుంచుకొననివారికిని ఈ భయ మధికము. కావున చికిత్సచే నిలుపదగిన పన్నును, ఇంప్లాంటు గలదు గదా యని పీకించుకొనుట మాకు సమ్మతము కాదు. పీకించుకొనుటకు ముందు "దీనిని నిలుపవచ్చునా?" అని వైద్యుని తప్పక అడుగవలెను.

ఇక విద్యార్థులారా, మీ సంగతి వేఱు. మీ దవడలింకను పెరుగుచున్నవి. ప్రక్క పండ్లు ఎముకతోపాటు కదలి వచ్చుచుండగా, ఇంప్లాంటు మాత్రము నాటినచోటనే నిలిచి, కొన్ని యేండ్లలో కురుచయై కనబడును. అందువలన పెరుగుదల ముగియువఱకు, అనగా సుమారు 18 యేండ్లు దాటువఱకు, కొందఱికి అంతకంటెను ఆలస్యముగా గాని, వైద్యులు సాధారణముగా దానిని నాటరు. 12వ యేట పన్ను పోగొట్టుకొన్న బాలుడు ఎంత ధనవంతుని కుమారుడైనను తాత్కాలికమైన కట్టుడుపంటితో వేచియుండవలసినదే.

తలిదండ్రులు మఱియొక సంగతి తెలియవలెను. సుమారు 6వ యేట, పాలపండ్లకు వెనుక, ఏ పన్నును ఊడకుండగనే యొక పెద్ద దవడపన్ను మొలచును. ఊడినది లేదు గనుక ఇదియు పాలపన్నేయని పలువురు తలచి, పిప్పి పట్టినను "ఎటులైన ఊడునదే" యని యుపేక్షింతురు. అది స్థిరదంతము, పోయిన మరల మొలవదు.

ఆటస్థలమున దెబ్బతగిలి స్థిరదంతము వేరుతో ఊడిపడినచో, వేరును తాకక పైభాగమును పట్టుకొని, మట్టి యంటియున్న యెడల రుద్దక నీటితో క్షణకాలము కడిగి, వెంటనే దాని గుంటలో నిలుపవలెను. చేతకానిచో చల్లని పాలలో నుంచి, సాధ్యమైనచో అరగంటలోపల దంతవైద్యునికడకు పోవలెను. పాలపన్నును మాత్రము తిరిగి పెట్టరాదు.

శాస్త్రము పెద్దలకు పోయినదానిని తెచ్చి యిచ్చుచున్నది; పిన్నలకు ఉన్నదానిని కాచుకొనుటయే మార్గము. ఉదయమునను, రాత్రి పరుండబోవుటకు ముందును ఫ్లోరైడుగల పేస్టుతో రెండేసి నిమిషములు పండ్లు తోముకొనుటకు పెద్ద సొమ్ము పట్టదు. ఈ సంచిక యింటికి చేరిన దినముననే తలిదండ్రులు బిడ్డల నోరు తెరిపించి వెనుక పండ్లను పరీక్షింపవలెనని కోరుచున్నాము. బిడ్డలును తమ యింటి ముసలివారి ప్రక్కన గూర్చుండి, వారు ఏమేమి తినలేక విడిచిపెట్టుచున్నారో అడిగి, ఆ మాట తండ్రితో చెప్పవలెను.