గుర్రానికీ గుర్తింపు కావాలి

2025లో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు తరలించిన 57 గుర్రాల్లో కొన్ని చనిపోయాయి. ఇలాంటప్పుడు ముందు తేలాల్సింది ఏ గుర్రం ఎక్కడిది, దాని ఆరోగ్య చరిత్ర ఏమిటన్నదే. మెడలో అమర్చే బియ్యపు గింజంత మైక్రోచిప్, అందులోని 15 అంకెల సంఖ్య, టీకాల వివరాలుండే పాస్‌పోర్టు ఆ జవాబిస్తాయి. ఐరోపా సమాఖ్యలో 2009 నుంచి కొత్తగా నమోదయ్యే గుర్రాలకు ఇవి తప్పనిసరి.

మలక్‌పేట పందెపు గుర్రాలకు వంశం, యాజమాన్యం రికార్డులుంటాయి. మాదాపూర్, గచ్చిబౌలి పెళ్లి బరాత్‌లలో నడిచే గుర్రాలకూ అలాంటి గుర్తింపు దక్కాలి. పైగా గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ అనే వ్యాధి మనుషులకూ సోకుతుంది. పశుసంవర్ధక శాఖ చిప్‌లను ఉచితంగా అమర్చాలి. పేద యజమానిపై భారం మోపకూడదు. ఫంక్షన్ హాళ్లు పాస్‌పోర్టు చూశాకే గుర్రాన్ని అనుమతించాలి.