తెల్లవారుజామున మూడు గంటలకు

ముత్తుకూరు పరిసరాలకు రాత్రివేళ వచ్చినవారికి రెండు దృశ్యాలు ఒకేసారి కనబడతాయి. ఒకవైపు నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రపు దీపాలు. మరొకవైపు చీకటిలో నీటిని చిలుకుతూ తిరిగే రొయ్యల గుంటల ఏరియేటర్లు. ఆ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. అక్కడ బొగ్గు కాలుతుంది, ఇక్కడ రొయ్య బ్రతుకుతుంది. స్వచ్ఛ సాంకేతికతను గూర్చి ఎవరు ఉపన్యసించినా నాకు మొదట ఈ రెండు దృశ్యాలే గుర్తుకు వస్తాయి.

కొన్నేళ్ళుగా నేను ఇంజనీరింగు విద్యార్థులకు వారి వ్యాపార ఆలోచనల విషయంలో తోచిన సలహా చెబుతున్నాను. ఒక సంవత్సరం నలుగురు విద్యార్థులు సౌరశక్తితో తిరిగే ఏరియేటరు నమూనాను తెచ్చి చూపించారు. లెక్కలు చక్కగా ఉన్నాయి. నేను మెచ్చుకొని, నాకు తెలిసిన ఒక రొయ్యల రైతు వద్దకు వారిని తీసుకువెళ్ళాను. ఆయన ఓపికగా అంతా విని, ఒక్క మాట అడిగారు.

"బాగుంది నాయనా. ఎండున్నప్పుడు నాకు దీంతో అంత పనిలేదు. తెల్లారుజామున మూడింటికి తిరుగుద్దా ఇది?"

పిల్లలు నా ముఖం చూశారు. నేను గట్టు వైపు చూశాను. ఈ గాలిలో పెరిగినవాణ్ణి, ఆ ప్రశ్న నేను ముందే అడగవలసింది. పగటిపూట నీటిలోని సూక్ష్మశైవలాలు సూర్యకాంతితో ప్రాణవాయువును ఉత్పత్తి చేస్తాయి. రాత్రివేళ అవే దానిని పీల్చుకుంటాయి. అందువల్ల నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజాముకు కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. యంత్రపు అవసరం సూర్యుడు లేనప్పుడే ఎక్కువ. బ్యాటరీలు జోడిస్తే ఖర్చు రైతు అందుకోలేనంతగా పెరుగుతుంది.

రాత్రికి పరిష్కారం లేక కాదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టును చేపట్టింది. మిగులు కరెంటుతో నీటిని పై జలాశయానికి తోడి, అవసరమైన వేళ క్రిందికి వదలి విద్యుత్తు తీయడం దాని సూత్రం. ఆ సంస్థలో సింగపూరు, అబుధాబి ప్రభుత్వ నిధుల పెట్టుబడులున్నాయి. గ్రిడ్డుకు వచ్చే రాత్రికి పెట్టుబడి దొరికింది. గుంట గట్టుకు వచ్చే రాత్రికే దొరకలేదు.

విద్యార్థులు నిరాశపడక, కొన్ని నెలలకు మరొక ఆలోచనతో తిరిగి వచ్చారు. నీటిలోని ప్రాణవాయువును కొలిచి, అవసరమైనంత సేపే ఏరియేటర్లను నడిపే చిన్న పరికరం. దానివల్ల కరెంటు ఆదా అవుతుంది, బొగ్గూ మిగులుతుంది. రైతు ఈసారి రెండవ ప్రశ్న వేశారు: "అది తప్పు చెప్పిందనుకో, నా పంట ఎవరిస్తారు?"

నా దృష్టిలో ఈ విషయమంతటికీ మూలం ఈ ప్రశ్నే. ఒక్క రాత్రి గాలి అందకపోతే గుంటలోని పంటంతా తేలిపోవచ్చు. పరికరం చేసినవాడికి అది అనుభవం, పెట్టుబడిదారుకు పద్దులో ఒక గీత. రైతుకు మాత్రం అప్పు.

ఈ తీరానికి ఇది కొత్త పాఠం కాదు. 1990ల తొలినాళ్ళలో టైగర్ రొయ్య మీద డబ్బు వరదలా వచ్చింది. 1994లో తెగుళ్ళు విరుచుకుపడగానే వచ్చినంత వేగంగానూ వెనుదిరిగింది. ఉప్పదేరిన నేల, బాకీలు ఇక్కడివారికి మిగిలాయి. గాంధేయవాది జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, కాలుష్యానికి కారకులైనవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని రొయ్యల పరిశ్రమకు వర్తింపజేసింది. విద్యార్థులకు నేను మొదట చెప్పే వ్యాపార పాఠం ఇప్పుడు ఆ తీర్పే.

పెద్ద దేశాలవారూ ఇక్కడే తడబడ్డారు. 2006 నుండి 2011 వరకు అమెరికాలో వెంచర్ పెట్టుబడిదారులు స్వచ్ఛ సాంకేతికతలో 2,500 కోట్ల డాలర్లకు పైగా పెట్టి, అందులో సగానికి పైగా పోగొట్టుకున్నారని 2016లో ఎం.ఐ.టి. అధ్యయనం ఒకటి తేల్చింది. సాఫ్ట్‌వేరుకు అలవాటుపడిన తొందర, నేలతోనూ నీటితోనూ ముడిపడిన పనులకు సరిపడలేదు.

సరిపడే మార్గం లేకపోలేదు. తెలంగాణలో చిన్న రైతుల కోసం తక్కువ ఖర్చు గ్రీన్‌హౌసులు రూపొందించిన ఖేతీ సంస్థకు 2022లో ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. నన్ను ఆకట్టుకున్నది బహుమతి కాదు. వారు వస్తువును అమ్మి చేతులు దులుపుకోలేదు. అప్పు, విత్తనం, శిక్షణ, మార్కెట్టు వీటన్నిటినీ దానితో జతచేశారు. రైతు ఒంటరిగా మోసే బరువును కొంత తమ భుజానికి ఎత్తుకున్నారు.

కనుక నా అభిప్రాయం ఇది. నష్టంలో పాలు పంచుకోని పెట్టుబడిని, అది సౌరఫలకాల మీద పెట్టినదైనా సరే, స్వచ్ఛమైనదని నేను అనలేను. ఈ ముత్తుకూరులోనే మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. యంత్రం చేసే విద్యార్థి, రొయ్యను చదివే విద్యార్థి కలిసి ఒక పంటకాలమైనా గట్టుమీద రాత్రులు గడపాలి. ఆ తరువాతే లాభనష్టాల పట్టిక రాయాలి. మార్గదర్శకులమని చెప్పుకునే మా వంటివారు కూడా సలహాతో పాటు కొంత సొమ్మునూ పణంగా పెట్టాలి.

ఇతరులకు చెప్పే ముందు నేను పాటించాలి కదా! ఆ రైతు గుంటల్లో ఒకదానిలో పరికరాన్ని పరీక్షించాము. అది ఏరియేటరును ఆపదు, ప్రాణవాయువు తగ్గితే ఫోను మ్రోగిస్తుంది. స్విచ్చి రైతు చేతిలోనే ఉంటుంది. దాని మూలంగా పంట పోతే పెట్టిన ఖర్చులో సగం నేనిస్తానని కాగితం వ్రాసి ఇచ్చాను. ఆ నాలుగు నెలలూ నాకు సరిగా నిద్ర పట్టలేదని దాచకుండా చెబుతున్నాను. రెండుసార్లు అది అకారణంగా మ్రోగి, రైతును అర్ధరాత్రి గట్టుకు పరుగెత్తించింది. ఆయన మమ్మల్ని చడామడా తిట్టారు. పంట మాత్రం నిలిచింది. తరువాతి పంటకు పిలిచింది కూడా ఆయనే.

ఆ నిద్రలేని నెలల్లో నాకొకటి అర్థమైంది. రైతు ఏటా పడుకునే పడక అదే. పెట్టుబడి పెట్టేవారు కూడా ఒక్క పంటకాలం దానిమీద పడుకొని చూస్తే, సలహాలు తగ్గి సహాయం పెరుగుతుందని నా నమ్మకం. మీరేమంటారు?