చెట్టుకొమ్మన చీర ఊయల

మిరపచేల గట్లపై చెట్టుకొమ్మకు వేలాడే చీర ఊయల తెలుగునాట చిరపరిచితమైన దృశ్యం. కవులకది రమణీయంగా తోచవచ్చు. కాయలు కోసే తల్లికి మాత్రం అది గత్యంతరం లేని ఏర్పాటు. ఆ ఊయల నూపుతున్న ఎనిమిదేండ్ల అక్క ఆనాడు బడికి పోలేదన్న సంగతిని గమనించేవారు అరుదు.

చట్టం ఈ బిడ్డలను మరువలేదు గాని, అది లెక్కించిన తీరే విచిత్రమైనది. 30 మందికి మించి స్త్రీలు పనిచేసే కర్మాగారంలో శిశుగృహం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విధించింది. 2017 నాటి ప్రసూతి ప్రయోజన సవరణ 50 మంది ఉద్యోగులున్న సంస్థలకు ఆ బాధ్యతను అప్పగించింది. పూటకొక చేనికి కూలికి పోయే తల్లి, నాలుగిండ్లలో అంట్లు తోమే తల్లి ఏ సంస్థ లెక్కలోకి వస్తారు? యజమాని ఎవరో తేలని చోట ప్రభుత్వ ధనమే బిడ్డకు ఆధారం కావాలి.

1975లో మొదలైన అంగన్‌వాడీ ఉన్నది గదా అని కొందరంటారు. అది ప్రధానంగా పౌష్టికాహారానికి, మూడేండ్లు నిండిన పిల్లల ఆటపాటలకు ఏర్పడినది. చంటిబిడ్డను దినమంతా సాకడానికి కాదు. ఆ లోటును గుర్తించి 2022లో కేంద్రం ‘పాల్నా’ పథకాన్ని ప్రవేశపెట్టింది. హిందీలో ఆ మాటకు ఊయల అనే అర్థం. ఆరు నెలల నుండి ఆరేండ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలోనే శిశుగృహం నడపాలన్నది దాని ఆశయం. వ్యయంలో సాధారణంగా కేంద్రానిది 60 పాళ్లు, రాష్ట్రానిది 40. పథకం యోగ్యమైనదే. అయితే ఆయాకు వేతనం నెలనెలా అందేటట్లు, కోతల కాలంలో తల్లి చేనికి బయలుదేరక మునుపే తలుపు తెరిచేటట్లు నిధులు కేటాయిస్తే తప్ప ఆ అక్క బడికి పోలేదు.